మిర్యాము నోట వచ్చిన మాట



ఈ వారం పాఠానికి సంఖ్యాకాండము 12వ అధ్యాయం తీసుకుందాం. పదహారు వచనాల చిన్న అధ్యాయం. రాత్రి జపమాల ముగిశాక ఇంట్లో ఎవరైనా ఒకరు పైకి చదివితే ఐదు నిమిషాలు పట్టదు. దయచేసి చదివించండి, ఆ తరువాతనే ఈ వ్యాసంలోకి రండి.

మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లాడాడు. కూషు అంటే ఐగుప్తునకు దక్షిణాన, ఇప్పటి సూడాను ఉన్న ప్రాంతం. అక్కడివారు నల్లనివారు. ఈ పెండ్లి మోషే అక్క మిర్యామునకు, అన్న అహరోనుకు గిట్టలేదు. పరిశుద్ధ గ్రంథం ఆ స్త్రీ రంగును గూర్చి ఏమీ చెప్పదు గాని, ఆమె కూషు స్త్రీ అన్న సంగతిని ఒకే వచనంలో రెండుసార్లు చెబుతుంది. చెప్పిన మాటనే మళ్ళీ చెప్పిందంటే గొడవకు మూలం అక్కడే ఉన్నదని మనం గ్రహించాలి. ఆమె సిప్పోరాయే అని కొందరు పండితులు, కాదు వేరొక స్త్రీ అని మరికొందరు అంటారు. మన పాఠానికి ఆ తేడాతో పని లేదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. మిర్యాము, అహరోను మరదలి జాతి నచ్చలేదని సూటిగా చెప్పలేదు. రెండవ వచనానికి వచ్చేసరికి మాట మారిపోయింది. దేవుడు మోషేతోనే మాట్లాడాడా, మాతో మాట్లాడలేదా అని పెద్ద ధర్మసందేహం లేవదీశారు. లోపల ఉన్నది ఒకటి, పైకి వచ్చినది మరొకటి. మన ఇండ్లలో పెండ్లి సంబంధం తప్పించుకోవలసి వచ్చినప్పుడు ఎన్ని సందేహాలు పుడతాయో మీకు తెలియనిది కాదు. జాతకం చూడని కతోలిక కుటుంబాలు కూడా ఆ సమయంలో ఏదో ఒక సాకు వెతుక్కుంటాయి. చదువు చాలదు, ఊరు దూరం, వాళ్ళ అలవాట్లు వేరు అంటాము. అసలు కారణం మాత్రం వంటింట్లో గుసగుసగా చెప్పుకుంటాము.

మిర్యాము చర్మం మంచువలె తెల్లబారిపోయింది. నల్లని మరదలిని తప్పుబట్టిన మనిషికి వచ్చిన శిక్ష తెలుపు! మన పిల్లలకు పాపం నలుపు, పుణ్యం తెలుపు అని బొమ్మలు గీసి నేర్పే ఉపదేశకులు ఈ వచనం దగ్గర కాసేపు ఆగాలి. యెషయా ప్రవక్త పాపానికి చెప్పిన రంగు కూడా ఎరుపే గాని నలుపు కాదు.

మోషే అక్క కోసం ప్రార్థించాడు. హెబ్రీ భాషలో ఆ ప్రార్థన ఐదే మాటలు. ఆమె ఏడు రోజులు పాళెము వెలుపల ఉండవలసి వచ్చింది. ఆమె తిరిగి వచ్చేదాకా ప్రజలు ప్రయాణం సాగించలేదు. ఇంతమంది ఇన్ని మాటలాడిన ఈ అధ్యాయంలో కూషు స్త్రీ మాత్రం ఒక్క మాట మాట్లాడదు. ఆమె పేరు కూడా మనకు తెలియదు. అందరూ ఆమెను గూర్చి మాట్లాడారు. ఆమెతో ఎవరైనా మాట్లాడినట్లు వ్రాయబడలేదు.

మన ఇండ్లలో

జాతి వివక్ష అనగానే మనకు అమెరికా, దక్షిణాఫ్రికా గుర్తుకు వస్తాయి. అది తెల్లవారు చేసే పాపమని, మనం దాని బాధితులమని అనుకుంటాము. అందులో నిజం లేకపోలేదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేత్ పట్టణంలో హైదరాబాదు నుండి వెళ్ళిన మన తెలుగు ఇంజనీరు ఒకరిని, మా దేశం విడిచి పొమ్మని అరుస్తూ ఒక తెల్లజాతీయుడు కాల్చి చంపాడు. ప్రక్కనే ఉన్న తెలుగు స్నేహితుడు గాయపడ్డాడు. అడ్డుపడబోయిన ఒక తెల్లజాతి యువకుడు కూడా తూటా దెబ్బ తిన్నాడు. ఈ మూడవ మనిషి సంగతి మనం మరచిపోకూడదు. 2023 జనవరిలో సియాటిల్ నగరంలో ఆదోనికి చెందిన విద్యార్థిని పోలీసు వాహనం ఢీకొని మరణించింది. ఆ తరువాత ఒక పోలీసు అధికారి ఫోనులో నవ్వుతూ ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్లుగా మాట్లాడిన రికార్డు బయటపడింది. ఆ నవ్వు విని తెలుగు నేల ఉడికిపోయింది. 2024లో ఆ అధికారిని ఉద్యోగం నుండి తొలగించారు. అది జాతి ద్వేషమా, లేక మనసు మొద్దుబారిపోవడమా అన్నది వేరే చర్చ. ఎక్కడినుండో వచ్చిన ఒక పిల్ల, ఆ పిల్లకు ఒక తల్లి ఉన్నదన్న తలంపు ఆ నవ్వులో లేదు.

మరి మన నవ్వుల సంగతి? మన సినిమాలలో నల్లని మనిషిని చూపి ఎన్నిసార్లు నవ్వించారు, మనం కుటుంబ సమేతంగా ఎన్నిసార్లు నవ్వాము? బిడ్డ పుట్టిందని ఆసుపత్రికి వెళ్ళిన బంధువు మొదట అడిగే ప్రశ్న తల్లి క్షేమమా అని కాదు, "రంగు ఎవరిది వచ్చింది?" అని. బిడ్డ నల్లగా ఉంటే "పోనీలే, ముక్కు తీరు బాగుంది" అని ఓదార్పు ఒకటి. ఎవరు చచ్చారని ఆ ఓదార్పు? చర్మాన్ని తెల్లబరుస్తామంటూ 1975లో మన మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్‌లీ క్రీము 2020లో పేరు మార్చుకున్నది. పెండ్లి ప్రకటనలలో "తెల్లని అమ్మాయి కావలెను" అన్న మాట మాత్రం మన క్రైస్తవ పెండ్లి సంబంధాల పత్రికలను కూడా విడిచిపోలేదు.

మరొక సంగతి చెప్పాలి. అది మన విచారణలకు సంబంధించినది కనుక కొంచెం చేదుగా ఉండవచ్చు. క్రిస్మస్ నాటకానికి వేషాలు పంచేటప్పుడు మరియమ్మ వేషం ఏ పిల్లకు ఇస్తున్నాము? గబ్రియేలు దూత వేషం ఎవరికి? హేరోదు, సైతాను వేషాలకు ఏ పిల్లవానిని పిలుస్తున్నాము? నజరేతు మరియమ్మ గలిలయ ఎండలో నీళ్ళు మోసిన పల్లెపడుచు. ఆమె రంగు మన విజయవాడ ఎండలో తిరిగే ఆడపిల్లల రంగుకే దగ్గరగా ఉంటుంది గాని, క్యాలెండరు బొమ్మలోని రంగుకు కాదు. ఎనిమిదేళ్ళ పిల్లకు పాటలు బాగా వచ్చు, మాటలు బాగా వచ్చు, అయినా ప్రతి ఏడూ గొఱ్ఱెల కాపరుల గుంపులోనే నిలబడవలసి వస్తే కారణం ఎవరూ చెప్పనక్కరలేదు, ఆమెకే తెలిసిపోతుంది. పశువుల పాకలో ముగ్గురు జ్ఞానులలో ఒకరిని నల్లనివానిగా నిలబెట్టే సంప్రదాయం మన శ్రీసభలో శతాబ్దాల నాటిది. ఆ విగ్రహానికి దండం పెట్టే మనం ఆ పిల్లను వెనక నిలబెడుతున్నాము.

నల్లజాతివారిని గూర్చి

హైదరాబాదులో మాసబ్‌ట్యాంకు దగ్గర ఏసీ గార్డ్స్ అనే పేట ఉన్నది. నిజాము కొలువులో ఆఫ్రికా జాతి అశ్విక దళం ఉండేది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే ఆ దళం పేరే పేటకు మిగిలిపోయింది. ఆ సిద్దీల సంతతి వారు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. హబ్సీగూడ పేరు కూడా హబ్షీల నుండి, అంటే అబిసీనియా వారి నుండి వచ్చినదనే చెబుతారు. అంటే ఆఫ్రికావారు మనకు నిన్న మొన్న వచ్చిన కొత్తవారు కారు. చదువుల కోసం వచ్చే ఆఫ్రికా విద్యార్థులను హైదరాబాదు చాలా కాలంగా చూస్తున్నది. అయినా అద్దె ఇల్లు అడగవచ్చిన ఆఫ్రికా విద్యార్థికి గేటు దగ్గరే ఏమి జవాబు వస్తుందో చదువరులు ఊహించగలరు.

బెంగుళూరులో 2016 జనవరి చివర ఒక సూడాను యువకుని కారు ఢీకొని ఒక స్త్రీ మరణించింది. కొంతసేపటికి ఆ దారిన వచ్చిన వేరే కారులో టాంజానియా విద్యార్థిని ఉన్నది. ఆమెకు ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేదు. ఆమె దేశం వేరు, ఆ యువకుని దేశం వేరు. అయినా గుంపు ఆమెను కారు దింపి కొట్టింది, బట్టలు చింపింది. 2017 మార్చిలో ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో ఒక కుర్రవాడు చనిపోతే, ఆఫ్రికావారు మనుషులను తింటారన్న పుకారు పుట్టింది. ఆధారం ఏమీ లేదు. ఆ పుకారు మీద ఆఫ్రికా విద్యార్థులను వెంటాడి కొట్టారు. 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి ఒకడు తన జుట్టును ఎగతాళి చేసినవారికి ఎదురు చెప్పినందుకు దెబ్బలు తిని చనిపోయాడు. అతడు మన దేశపు పౌరుడే. తరువాత ప్రభుత్వం వేసిన బెజ్‌బరువా సంఘం, ఈశాన్య రాష్ట్రాలవారిని రూపాన్ని బట్టి, జాతిని బట్టి అవమానించే మాటలను శిక్షార్హమైన నేరం చేయాలని సిఫారసు చేసింది. నాగాలాండ్, మిజోరం, మేఘాలయ రాష్ట్రాలలో క్రైస్తవులే అధిక సంఖ్యాకులు. మన హోటళ్ళలో, ఆసుపత్రులలో, దుకాణాలలో పనిచేసే ఆ పిల్లలలో చాలామంది ఆదివారం మన ప్రక్కనే మోకరిస్తారు. పూజ అయిన తరువాత వాళ్ళ పేరు అడిగిన ఇండ్లు ఎన్ని ఉన్నాయి?

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులతో ఒక మాట. "ఆ వీధిలో నల్లవాళ్ళుంటారట, ఇల్లు మార్చెయ్" అని మనం ఫోనులో ఎంత తేలికగా అంటామో గదా. ఆ బిడ్డ ఆ దేశంలో ఉండగలగడానికి ఆ నల్లవారు పెట్టిన ఖర్చు ఎంతో మనకు తెలియదు కనుకనే అలా అనగలుగుతున్నాము. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో, భారతీయులు తెల్లవారు కారు గనుక వారికి పౌరసత్వం చెల్లదని తీర్పు చెప్పింది. అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయులకు కూడా దానిని రద్దు చేశారు. 1946లో చట్టం కొంచెం సడలినప్పుడు ఏటా భారతదేశం మొత్తానికి ఇచ్చిన కోటా నూరు మంది. తలుపు నిజంగా తెరుచుకున్నది 1965 అక్టోబరులో వచ్చిన వలస చట్టంతో. దానికి ముందు ఏమి జరిగింది? నల్లజాతివారు బస్సులలో, హోటళ్ళలో, ఓటింగు బూతుల దగ్గర దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి 1964లో పౌరహక్కుల చట్టాన్ని సాధించారు. 1965 మార్చిలో సెల్మా పట్టణంలో ఓటుహక్కు కోసం నడిచినవారిని పోలీసులు గుఱ్ఱాలతో, లాఠీలతో తరిమారు. మూడు రోజులకు మన కతోలిక మఠకన్యలు కొందరు మఠపు దుస్తులతోనే ఆ ఊరు వెళ్ళి వారి ప్రక్కన నడిచారు. జాతిని బట్టి మనిషిని వేరుచేయడం చట్టానికి సిగ్గుచేటు అన్న తలంపు ఆ పోరాటంతోనే ఆ దేశంలో బలపడింది. వలస చట్టం ఆ గాలిలోనే మారింది. గుంటూరు, కరీంనగర్ పిల్లలు ఆ తలుపు గుండానే వెళ్ళారు. ఇంత చరిత్ర ఫోనులో చెప్పనక్కరలేదు. ఆ మాట నోట వచ్చేటప్పుడు గుర్తుంటే చాలు.

పాత గుడ్డల సంగతి

ఇక సహానుభూతి. జాలి వేరు, ఇది వేరు. దీనికి నిర్వచనం చెప్పడం కంటె యిర్మీయా గ్రంథం 38వ అధ్యాయం చూపించడం సులువు. ప్రవక్తను బురద బావిలో పడవేశారు. ఎవరికీ పట్టలేదు. రాజు కొలువులో ఉన్న కూషీయుడైన ఎబెద్మెలెకు అనే పరదేశి రాజు దగ్గరకు పోయి, ఆ మనిషి అక్కడే చచ్చిపోతాడని మొరపెట్టుకున్నాడు. అనుమతి దొరికింది. మనుషులు దొరికారు. త్రాళ్ళు దొరికాయి. ఇక లాగడమే తరువాయి. కాని అతడు ముందు సామాను గదికి పోయి చినిగిన పాత గుడ్డలు ఏరి తెచ్చాడు. వాటిని బావిలోకి దింపి, చంకల క్రింద పెట్టుకొని ఆపైన త్రాడు వేసుకొమ్మని యిర్మీయాతో చెప్పాడు.

ఆ గుడ్డలు లేకపోయినా యిర్మీయా పైకి వచ్చేవాడే. చంకలు ఒరుసుకుపోయేవి, అంతే. పైన నిలబడి ఉన్నవాడు క్రింద ఉన్నవాని చంకలో త్రాడు ఎక్కడ కోసుకుపోతుందో ముందుగానే తన ఒంటి మీద అనుభవించాడు. నాకు తెలిసి సహానుభూతికి పరిశుద్ధ గ్రంథంలో దీనికంటె చక్కని చిత్రం లేదు. ఈ పని చేసినవాడు కూషీయుడు, అనగా మిర్యాము తప్పుబట్టిన స్త్రీ దేశంవాడు.

మాట్లాడుకోవడం ఎట్లా?

బడి నుండి వచ్చిన పిల్ల, "నన్ను నల్లపిల్లి అన్నారమ్మా" అని చెప్పినప్పుడు మనం మామూలుగా ఏమంటాము? "పోనీలే, పట్టించుకోకు." లేదా, "నువ్వేం చేశావు ముందు?" లేదా, "నువ్వు నల్లగా ఎక్కడున్నావు, చామనచాయ గదా!" మొదటి మాట ఆ బాధ చెప్పుకోదగినది కాదని చెబుతున్నది. రెండవది నేరం బిడ్డ మీద మోపుతున్నది. మూడవది అన్నిటికంటె ప్రమాదం. నలుపు తప్పేనని, ఆ తప్పు నీలో కొంచెం తక్కువ ఉన్నదని ప్రేమతోనే చెబుతున్నాము. దీనికి బదులు పని ఆపి ప్రక్కన కూర్చోండి. ఎవరన్నారు, ఎక్కడన్నారు, అప్పుడు మిగిలినవారు ఏం చేశారు అని అడగండి. ముఖ్యంగా మూడవ ప్రశ్న. ఎందుకంటే బిడ్డకు గుచ్చుకునేది అన్నవాని మాట కంటె నవ్విన స్నేహితురాలి నవ్వు. తరువాత ఉపాధ్యాయురాలి దగ్గరకు వెళ్ళాలా వద్దా అన్నది బిడ్డతోనే ఆలోచించండి.

ఇంటి పెద్దలు అలాంటి మాట అన్నప్పుడు చిక్కు ఎక్కువ. తాతగారు భోజనాల దగ్గర, "ఆ నల్లోళ్ళందరూ అంతే" అన్నారనుకుందాం. ఎదురు చెబితే మర్యాద కాదు, ఊరుకుంటే పిల్లలు నేర్చుకుంటారు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు, తప్పు చేసిన సహోదరుని దగ్గరకు ముందు ఒంటరిగా వెళ్ళమన్నారు. మామూలుగా అదే మంచి దారి. కాని పౌలు గలతీయులకు వ్రాసిన లేఖ రెండవ అధ్యాయంలో మరొక సంగతి ఉన్నది. అంతియొకయలో పేతురు అన్యులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుండి కొందరు రాగానే బెరుకుతో ప్రక్కకు తప్పుకున్నాడు. అది చూసి బర్నబా కూడా తప్పుకున్నాడు. అప్పుడు పౌలు అందరి ముందే పేతురును నిలదీశాడు. పేతురు శ్రీసభకు మూలశిల, మొదటి పోపు. అయినా పంక్తిలో అందరి కళ్ళ ముందు జరిగిన తప్పుకు పంక్తిలోనే మాట పడింది. కనుక పిల్లల ఎదుట అన్న మాటకు పిల్లల ఎదుటే చిన్న జవాబు ఉండాలి. గొంతు పెంచనక్కరలేదు. "నాన్నగారూ, మనవాడు ఉండే ఊళ్ళో మనల్ని కూడా అందరూ అంతే అంటారట, వాడికెట్లా ఉంటుందో" అంటే చాలు. తరువాత ఒంటరిగా కూర్చుని ఆయన ఎందుకట్లా అనుకుంటున్నారో వినండి. ఏదో ఒక భయం గాని, ఎన్నడో సినిమాలో చూసిన దృశ్యం గాని బయటపడుతుంది. పెద్దవారితో వాదించి గెలిచినవారు అరుదు. వారి మాట విని, తరువాత అడిగినవారికి కొంత దక్కుతుంది.

అవమానపడిన మనిషే మీ ముందు కూర్చుని చెబుతున్నప్పుడు మాత్రం జాగ్రత్త. "నాకూ ఒకసారి ఇట్లాగే జరిగింది" అని మన కథ మొదలుపెట్టకండి. "వాడి ఉద్దేశం అది కాదేమో" అని లేనివాని తరఫున వకాల్తా పుచ్చుకోకండి. అపోస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతున్నదని ఫిర్యాదు వచ్చింది. అపోస్తలులు రుజువులు అడగలేదు, సణుగుతున్నారని కోప్పడలేదు. సంఘాన్ని పిలిచి ఏడుగురిని ఎన్నుకొమ్మన్నారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి. స్తెఫాను మొదలు నికొలాసు వరకు అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వారి వైపు మనుషుల చేతికే గరిటె ఇచ్చారన్నమాట. మన విచారణ సంఘాలలో ఇది ఎన్నిసార్లు జరిగిందో పెద్దలు ఆలోచించగలరు.

శ్రీసభ ఇంట్లో కూడా

ఇదంతా వెలుపలివారి రోగమని చెప్పుకోవడానికి వీలులేదు. 1838లో అమెరికాలోని మేరీలాండ్ జెస్విట్ గురువులు తమ క్రింద ఉన్న 272 మంది నల్లజాతి బానిసలను అమ్మివేశారు. జ్ఞానస్నానం పొందిన కుటుంబాలవి. అగస్టస్ టోల్టన్ 1854లో మిస్సోరి రాష్ట్రంలో బానిసగా పుట్టాడు. తల్లి పిల్లలను తీసుకొని మిసిసిపీ నది దాటి పారిపోయింది. బడిలో తెల్ల తల్లిదండ్రులు గోల చేశారు. ఒక ఐర్లాండు గురువు పట్టుబట్టి చదివించాడు. గురువు కావాలంటే అమెరికాలో ఏ గురువిద్యాలయమూ చేర్చుకోలేదు. రోముకు పోయి చదివి 1886లో అక్కడే గురుపట్టం పొంది తన దేశానికే తిరిగి వచ్చాడు. 1897 జులైలో షికాగోలో వడదెబ్బ తగిలి 43 ఏండ్లకే కన్నుమూశాడు. 2019లో శ్రీసభ ఆయనను పూజ్యునిగా ప్రకటించింది.

మిసిసిపీ రాష్ట్రానికి చెందిన సిస్టర్ థియా బౌమన్ బానిసల మనుమరాలు. 1989 జూన్‌లో ఆమె అమెరికా మేత్రాణుల సమావేశానికి క్యాన్సరుతో చక్రాల కుర్చీలో వచ్చారు. తల్లిలేని బిడ్డ వేదనను చెప్పే నల్లజాతివారి భక్తిగీతం ఒకటి పాడి, నల్లనివారిగా ఉంటూ కతోలికులుగా ఉండడమంటే ఏమిటో మేత్రాణులకు నవ్వుతూనే, దాచకుండా చెప్పారు. చివర మేత్రాణులందరినీ లేపి, చేతులు అడ్డంగా ఒకరితో ఒకరు పట్టుకొమ్మని చెప్పి పాడించారు. మరుసటి ఏడు మార్చి 30న ఆమె పరమపదించారు. నిందించకుండా నిజం చెప్పడం ఎట్లా అన్నదానికి ఆ ప్రసంగం పాఠ్యగ్రంథం వంటిది.

2020 మేలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు మోకాలి క్రింద ఊపిరాడక మరణించినప్పుడు, మానవ ప్రాణం పవిత్రమని చెప్పుకుంటూ జాతి వివక్ష వైపు కన్నుమూసుకోవడం కుదరదని పోపు ఫ్రాన్సిస్ గారు స్పష్టంగా చెప్పారు. 2025 మేలో ఎన్నికైన పోపు 14వ లియో గారి తల్లివైపు పూర్వులు న్యూ ఆర్లీన్స్ నగరంవారు. 1900 నాటి అమెరికా జనాభా లెక్కలలో ఆ తాతగారిని నల్లజాతివానిగా వ్రాశారు. కుటుంబం షికాగోకు తరలిన తరువాత, 1920 లెక్కలలో తెల్లవారిగా వ్రాశారు. మనిషి అదే మనిషి. ఊరు మారింది, రంగు మారింది! కాగితం మీద రంగు మార్చుకుంటే గాని బ్రతుకు సాగని రోజులవి.

మన కాగితాలలో రంగు ఉండదు, కులం ఉంటుంది. మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశానికి వచ్చి కేరళలో దళిత పిల్లలు చదివే ఒక పాఠశాలకు వెళ్ళినప్పుడు, ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుండి వచ్చిన తోటి అంటరానివానిగా పరిచయం చేశాడు. ముందు ఆయనకు మనసు చివుక్కుమన్నది. తరువాత తన దేశంలో మురికివాడలలో మగ్గుతున్న తనవారిని తలచుకొని, అవును, నేను అంటరానివాడనే అనుకున్నానని 1965లో ఒక ప్రసంగంలో ఆయనే చెప్పుకున్నారు. కేరళ పిల్లల బ్రతుకును అమెరికా మనిషి తన ఒంటి మీద గుర్తించాడు. మనం అటునుండి ఇటు ఆ పని చేయగలమా? 2016 డిసెంబరులో మన భారత మేత్రాణుల సమాఖ్య విడుదల చేసిన దళిత విధాన పత్రంలో, శ్రీసభలోనే కుల వివక్ష ఉన్నదని ఒప్పుకున్నారు. 2022 ఆగస్టులో మన తెలుగుబిడ్డ, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయినప్పుడు, దళితులలో మొట్టమొదటి కార్డినల్ అని ప్రపంచ పత్రికలు వ్రాశాయి. పండుగ చేసుకున్నాము, పూలదండలు వేశాము. అదే వారం మన ఇంటికి వచ్చిన పెండ్లి సంబంధాన్ని ఏ ప్రశ్న అడిగి వెనక్కు పంపామో అది పత్రికలకు ఎక్కలేదు.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో రెండు మూడు ప్రశ్నలు ముందు పెట్టుకోండి. పెద్దలు ముందు జవాబు చెప్పేయకుండా, చిన్నవారితో మొదలుపెట్టించండి. మన ఇంట్లో నవ్వుతూ అనే ఏ మాట మన ఇంటికి వచ్చినవారి ఎదుట అనలేము? మన వీధిలో, మన దేవాలయంలో మనం అందరం ఎవరిని గూర్చి మాట్లాడుతున్నాము, కాని వారితో ఒక్కసారి కూడా మాట్లాడలేదు? చివరి ప్రశ్న ప్రత్యేకంగా పిల్లలకు. మిర్యాము పాళెము వెలుపల ఉన్న ఆ ఏడు రోజులు కూషు స్త్రీ తన గుడారంలో ఏమి చేసి ఉంటుంది? వాళ్ళు చెప్పినది మధ్యలో దిద్దకుండా ఒక కాగితం మీద వ్రాసి, మీ సత్యోపదేశ ఉపాధ్యాయులకు అందజేయగలరు.